సీసాలో వచ్చిన జబ్బు



1963లో అమెరికాలో బరూచ్ బ్లంబర్గ్, హార్వీ ఆల్టర్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పరీక్ష చేస్తూండేవారు. ఖర్చు లేని పరీక్ష. గాజు పలక మీద అగర్ జిగురును పల్చగా పోసి బిగుసుకోనిస్తారు. అందులో చుక్క పట్టేపాటి గుంటలు చేస్తారు. మధ్య గుంటలో ఒక మనిషి రక్తరసం పోస్తారు. చుట్టూ ఉన్న గుంటల్లో దేశదేశాల నుంచి తెప్పించిన వేరేవాళ్ల రక్తరసాలు పోస్తారు. అవన్నీ జిగురులోకి మెల్లగా పాకుతాయి. ఒకరి రక్తంలో ఉన్నదాన్ని ఇంకొకరి రక్తం గుర్తుపడితే ఆ రెంటికీ నడుమ సన్నటి గీత తేలుతుంది. గుర్తుపట్టకపోతే ఏమీ ఉండదు.

ఒకసారి అలా గీత పడింది. మధ్య గుంటలో ఉన్నది న్యూయార్క్‌కు చెందిన హిమోఫిలియా రోగి రక్తం. దానికి ఎదురుగా ఉన్నది ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తం. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు, చూసుకునే వీలూ లేదు. అయినా ఆ ఆదివాసి రక్తంలో ఉన్న దేన్నో ఈయన రక్తం ఎప్పుడో ఎదుర్కొంది, దాని మీద యాంటీబాడీలు తయారుచేసుకుని పెట్టుకుంది. ఆ దొరికినదానికి మొదట ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టారు. తర్వాత తెలిసింది, అది హెపటైటిస్ బి వైరస్ పై తొడుగు అని. బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇవాళ మన బ్లడ్ బ్యాంకుల్లో ప్రతి రక్తపు సంచికీ చేసే హెపటైటిస్ బి పరీక్షకు మూలం అదే.

ఆ పరీక్షకు హిమోఫిలియా రోగి రక్తాన్నే ఎందుకు ఎంచుకున్నారు? ఆయనకు చిన్నప్పటి నుంచీ ఎంతోమంది రక్తం ఎక్కింది కాబట్టి. ఊరందరి రక్తమూ వెళ్లిన ఒంట్లో ఆ పరాయి రక్తాల్లోని ప్రొటీన్ల మీద యాంటీబాడీలు ఉంటాయని వాళ్ల లెక్క. లెక్క తప్పలేదు. ఆ పరీక్షలో సైన్సుకు పనికొచ్చిన సంగతే, ఎంతోమంది రక్తం ఒకే ఒంట్లోకి వెళ్లడమే, ఇరవై ఏళ్లు తిరగకుండా వేల కుటుంబాలను కూల్చింది. ఇవాళ నేను చెప్పబోయేది ఆ కథ. దాంట్లో మన తెలుగు రాష్ట్రాల వాటా కొంత ఉంది, అదీ చెప్తాను.

ముందు జబ్బు సంగతి. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడానికి ఒంట్లో కొన్ని ప్రొటీన్లు ఒకదాని తర్వాత ఒకటి పని అందుకుంటాయి. వాటినే ఫ్యాక్టర్లు అంటారు, అంకెలతో పిలుస్తారు. ఎనిమిదో ఫ్యాక్టర్ లేకపోతే హిమోఫిలియా ఎ. తొమ్మిదోది లేకపోతే హిమోఫిలియా బి. మొదటిది సుమారు ఐదువేల మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది, రెండోది ఇంకా అరుదు. వీళ్లకు రక్తం ధారగా కారిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, మనకు కారినట్టే కారుతుంది, కాకపోతే ఆగదు. పైకి కనిపించే గాయాలకంటే లోపల కీళ్లలో కారేదే వీళ్లను ఎక్కువ బాధపెడుతుంది. పిల్లవాడు ఆడుకుని వస్తాడు, దెబ్బ తగిలినట్టు కూడా ఉండదు, తెల్లారేసరికి మోకాలు కొబ్బరికాయంత అవుతుంది. ముట్టుకుంటే వేడి. కాలు చాపలేడు. అలా పదిసార్లు అయ్యాక ఆ కీలు ఇక వంగదు.

ఈ లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది కాబట్టి తల్లి నుంచి కొడుక్కు వస్తుంది. తల్లికి సాధారణంగా ఏమీ తెలియదు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే చాలాసార్లు వినపడే జవాబు ‘వాళ్ల మేనమామకుంది’ అనో, ‘మేనమామ ఒకడు చిన్నప్పుడే పోయాడు’ అనో. మూడింట ఒక వంతు ఇళ్లలో మాత్రం వెనక ఎవరికీ ఉండదు, కొత్తగా మొదలవుతుంది. మేనరికాలు చేసుకునే మన ఇళ్లలో ఒక మాట చెప్పుకోవాలి. జబ్బున్న మేనమామకు మేనకోడలినిచ్చి చేస్తే, ఆ మేనకోడలిలో కూడా ఆ లోపం దాగి ఉండవచ్చు. అప్పుడు పుట్టే ఆడపిల్లకు సైతం పూర్తిస్థాయి హిమోఫిలియా రావచ్చు. పదమూడో ఫ్యాక్టర్ లోపం, గ్లాంజ్‌మన్ అనే ప్లేట్‌లెట్ల జబ్బు వంటి అరుదైనవి కూడా దగ్గరి సంబంధాల వల్ల ఎక్కువగా బయటపడతాయి. ఈ చివరి జబ్బువాళ్లకు ప్లేట్‌లెట్లు పదేపదే ఎక్కించాల్సి వస్తుంది. అంటే మళ్లీ పరాయి రక్తమే.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. హిమోఫిలియా ఉన్నంత మాత్రాన వైరస్‌లు తేలిగ్గా అంటుకోవు. రోగాలను ఎదుర్కొనే శక్తి వీళ్లకూ అందరికీ ఉన్నట్టే ఉంటుంది. కోవిడ్ రోజుల్లో ఎంతోమంది తల్లిదండ్రులు భయపడిపోయారు. అప్పుడు కూడా నిపుణులు చెప్పింది ఇదే, ఈ పిల్లలకు కోవిడ్ సోకే ముప్పు అదనంగా లేదని. మరి వీళ్లలో వేలమందికి ఎయిడ్స్, అంతకంటే ఎక్కువమందికి కామెర్ల వైరస్‌లు ఎక్కడి నుంచి వచ్చాయి? మందులోంచి.

1964 ప్రాంతంలో స్టాన్‌ఫర్డ్‌లో జూడిత్ పూల్ అనే శాస్త్రవేత్త ఒకటి గమనించింది. చలికి గడ్డకట్టించిన ప్లాస్మాను గది వేడిలో కాకుండా ఫ్రిజ్ చల్లదనంలో, నాలుగు డిగ్రీల దగ్గర, నిదానంగా కరగనిస్తే సంచి అడుగున తెల్లటి ముద్ద లాంటిది మిగిలిపోతుంది. పైన తేటగా ఉన్నదాన్ని తీసేస్తే ఆ ముద్దలోనే ఎనిమిదో ఫ్యాక్టర్ చాలావరకు ఉంటుంది. అంతకుముందు సీసాలకు సీసాలు ప్లాస్మా ఎక్కించాల్సి వచ్చేది, గుండె తట్టుకోలేకపోయేది. ఇప్పుడు గుప్పెట్లో పట్టే సంచిలో సరిపోయింది. దానికే క్రయో అని పేరు. మన జిల్లా బ్లడ్ బ్యాంకుల్లో ఇప్పటికీ ‘క్రయో ఉందా?’ అని అడిగేది దాన్నే. పెద్దవాడి మోకాలిలో ఒక రక్తస్రావం ఆపడానికి ఓ పది సంచులు కావాలి. పది సంచులంటే పదిమంది దాతలు.

క్రయోతో చిక్కు ఏమిటంటే ఆస్పత్రికి పోవాలి. అర్ధరాత్రి మోకాలు వాచినా పోవాలి, అక్కడ కరిగించేదాకా కూర్చోవాలి. 1960ల చివర్లో కంపెనీలు ఇంకో అడుగు వేశాయి. వేలమంది ప్లాస్మాను ఒకచోట కలిపి, అందులోంచి ఫ్యాక్టర్‌ను వేరుచేసి, నీరంతా లాగేసి పొడిగా సీసాలో పెట్టాయి. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. సీసాలోకి శుద్ధమైన నీళ్లు ఎక్కించి, కుదిపితే నురగ వస్తుంది కాబట్టి కుదపకుండా, రెండు అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా తిప్పుతారు. పొడి కరిగి తేటపడుతుంది. తండ్రో తల్లో నరానికి సూది వేసేయడమే. పదేళ్ల పిల్లలు తమకు తామే వేసుకోవడం నేర్చుకున్నారు.

దాని విలువ ఎంతో ఈ జబ్బున్న ఇంట్లో అడగాలి. పిల్లవాడు బడికి పోతున్నాడు. విహారయాత్రకు పోతున్నాడు. ఉద్యోగం చేస్తున్నాడు. ఇరవై నిండుతాయో లేదో అనుకున్న కుర్రాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు. 1970లను హిమోఫిలియా రోగుల స్వర్ణయుగం అనేవాళ్లు. అందుకే తర్వాత ఆ సీసాలో విషముందని ఎవరో అంటే రోగులూ నమ్మలేదు, డాక్టర్లూ నమ్మలేదు.

పాలకేంద్రంలో పెద్ద క్యాను ఉంటుంది. ఊళ్లో అన్ని ఇళ్ల పాలూ అందులోకే. ఒక ఇంటి పాలు విరిగి ఉంటే క్యాను మొత్తం పోతుంది. ఫ్యాక్టర్ తయారీ సరిగ్గా అదే. ఒక్క విడతలో ఇరవై వేల మంది ప్లాస్మా, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ, కలిసేది. లెక్క కోసం అనుకుందాం, పదివేల మంది దాతల్లో ఒక్కరికే వైరస్ ఉంది. పది సంచుల క్రయో తీసుకుంటే ముప్పు వెయ్యింట ఒకటి. ఇరవై వేల మంది కలిసిన ఆ సీసా ఒక్కటి తీసుకుంటే? ఆ విడతలో సగటున ఇద్దరి వైరస్ ఉన్నట్టే. అంటే తప్పించుకోవడం అదృష్టం, పడటం మామూలు.

పైగా ఆ దాతలెవరు? అమెరికాలో ప్లాస్మా ఇచ్చేవాడికి డబ్బులిస్తారు. డబ్బు కోసం వచ్చేది ఎవరో వేరే చెప్పాలా! దిక్కులేనివాళ్లు, మత్తుమందు సూదులకు అలవాటుపడ్డవాళ్లు వచ్చారు. ఆర్కాన్సా వంటి రాష్ట్రాల్లో జైళ్లలోనే ప్లాస్మా కేంద్రాలు పెట్టారు. 1970లోనే రిచర్డ్ టిట్‌మస్ అనే బ్రిటన్ సామాజిక శాస్త్రవేత్త పుస్తకం రాశాడు, కొన్న రక్తంకంటే దానమిచ్చిన రక్తం భద్రమని. అక్కడి ఆరోగ్య మంత్రి డేవిడ్ ఓవెన్ 1975లో మా రక్తం మేమే సమకూర్చుకుంటామని ప్రకటించాడు. మాట నిలబడలేదు. అమెరికా సీసాలు వస్తూనే ఉన్నాయి.

అప్పటికే ఈ రోగుల్లో కామెర్లు మామూలైపోయాయి. ఎ కాదు, బి కాదు, ఇంకేదో వైరస్ అని డాక్టర్లకు తెలుసు, దానికి ‘ఎ-కాని బి-కాని’ అని పేరు కూడా పెట్టుకున్నారు. కీళ్లు బాగుంటున్నాయి కదా, కాలేయానికి కాస్త సెగ తగిలితే తగిలిందిలే అన్నట్టు సర్దుకున్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఈ సర్దుబాటే. ఒక వైరస్ అంత తేలిగ్గా దాటివస్తున్న దారిలో ఇంకోటి రాదా అని ఆగి ఆలోచించాల్సింది అప్పుడే.

వచ్చింది. 1982 జూలై 16న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో ముగ్గురు హిమోఫిలియా రోగుల గురించి రాసింది. ముగ్గురికీ రోగనిరోధక శక్తి కుప్పకూలినవాళ్లకు మాత్రమే వచ్చే అరుదైన న్యుమోనియా. ముగ్గురూ ఎనిమిదో ఫ్యాక్టర్ వాడినవాళ్లే. మరుసటేడు మే నెలలో బ్రిటన్‌లో అంటువ్యాధుల నిఘా చూసే స్పెన్స్ గాల్‌బ్రైత్ తన ఆరోగ్యశాఖకు ఉత్తరం రాశాడు. 1978 తర్వాత అమెరికాలో సేకరించిన రక్తంతో చేసిన ఫ్యాక్టర్‌ను వెంటనే ఆపండి, ముప్పు ఎంతో తేలేదాకా వాడకండి అని. ఆపలేదు. ప్రయోజనం ఎక్కువ, ప్రమాదం తక్కువ అన్న లెక్కే మళ్లీ వేశారు. ఆ లెక్క వేసినవాళ్లెవరికీ ఆ సూది పడదు.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఈ వైరస్‌లకు, అంటే ఎయిడ్స్‌దానికి, హెపటైటిస్ బి, సి లకు, పైన కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. వేడి చేస్తే అవి చస్తాయి. డిటర్జెంటు కలిసిన ద్రావణంతో కడిగితే ఆ పొర కరిగిపోయి దేనికీ పనికిరాకుండా పోతాయి. వేడి చేసిన ఫ్యాక్టర్ జర్మనీలో 1981లోనే ఉంది. కాకపోతే వేడికి ఫ్యాక్టర్ కూడా కొంత పాడవుతుంది, అదే ప్లాస్మా నుంచి తక్కువ మందు వస్తుంది, ఖరీదు పెరుగుతుంది. 1984లో ఎయిడ్స్ వైరస్ వేడికి చస్తుందని రుజువయ్యాక గాని అందరూ కదల్లేదు. కదిలినవాళ్లు కూడా పాత సరుకును పారబోయలేదు. ఫ్రాన్సులో జాతీయ రక్త సంస్థ 1985లో కలుషితమని తెలిసిన నిల్వలనే పంచింది, దాని అధిపతి మిషెల్ గారెటాకు 1992లో జైలుశిక్ష పడింది. అమెరికా కంపెనీ కట్టర్ తమ దేశంలో వేడి చేసిన మందు అమ్ముతూ, వేడి చేయని పాతదాన్ని ఆసియాకూ లాటిన్ అమెరికాకూ పంపిందని 2003లో న్యూయార్క్ టైమ్స్ ఆ కంపెనీ కాగితాలతోనే బయటపెట్టింది.

అమెరికాలో అప్పుడున్న హిమోఫిలియా రోగుల్లో దాదాపు సగం మందికి హెచ్‌ఐవీ సోకింది. ఇండియానా రాష్ట్రంలో ర్యాన్ వైట్ అనే పదమూడేళ్ల కుర్రాడికి 1984 డిసెంబరులో ఆ సంగతి చెప్పారు. ఆర్నెల్లు బతుకుతాడన్నారు. వాడు అడిగింది బడికి పోనివ్వమని. బడి రానివ్వనంది. కోర్టుకెక్కి గెలిచి వెళితే ఊరు బతకనివ్వలేదు, ఇంకో ఊరికి మారారు. 1990 ఏప్రిల్‌లో పద్దెనిమిదేళ్లకు పోయాడు. ఎయిడ్స్ రోగులకు వైద్యం అందించే అమెరికా చట్టానికి ఆ ఏడే అతని పేరు పెట్టారు. ఫ్లోరిడాలో రే దంపతులకు ముగ్గురు కొడుకులు, ముగ్గురికీ హిమోఫిలియా, ముగ్గురికీ హెచ్‌ఐవీ. 1987లో వాళ్ల ఇల్లు తగలబడిపోయింది.

బ్రిటన్‌లో హాంప్‌షైర్‌లోని ట్రెలోర్స్ అనే హాస్టల్ బడిలో వైకల్యం ఉన్న పిల్లలు చదివేవారు. హిమోఫిలియా పిల్లల కోసం ఆవరణలోనే వైద్యకేంద్రం ఉండేది. దెబ్బ తగిలితే తరగతిలోంచి లేచి వెళ్లి ఫ్యాక్టర్ ఎక్కించుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఏ తల్లిదండ్రులకైనా ఇంతకంటే ఏం కావాలి? 1970 నుంచి 1987 వరకు ఆ బడిలో చదివిన 122 మంది హిమోఫిలియా పిల్లల్లో ఇప్పుడు బతికున్నది సుమారు ముప్పై మంది. ఏ సీసా ఎలా పనిచేస్తుందో చూడటానికి అక్కడ పరిశోధనలు కూడా చేశారు, తల్లిదండ్రులకు సరిగా చెప్పకుండానే. జడ్జి సర్ బ్రయన్ లాంగ్‌స్టాఫ్ ఏళ్ల తరబడి విచారణ జరిపి 2024 మే 20న ఇచ్చిన నివేదికలో ఇదంతా ఉంది. బ్రిటన్ మొత్తం మీద రక్తం ద్వారా, రక్తంతో చేసిన మందుల ద్వారా 30 వేల మందికి పైగా ఈ వైరస్‌లు సోకాయనీ, సుమారు 3 వేల మంది పోయారనీ, ఇది ప్రమాదవశాత్తూ జరిగింది కాదనీ ఆయన తేల్చాడు. నలభై ఏళ్ల తర్వాత ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

హిమోఫిలియా బి కి ఇంగ్లీషులో ‘క్రిస్మస్ జబ్బు’ అని ఇంకో పేరుంది. పండగకు సంబంధం లేదు. 1952లో ఆ జబ్బు వేరే అని ఎవరి రక్తంతో తెలిసిందో ఆ పిల్లవాడి పేరు స్టీఫెన్ క్రిస్మస్. పెరిగి కెనడాలో ఫొటోలు తీశాడు, టాక్సీ నడిపాడు. ఎక్కించిన రక్తంలోంచే అతనికీ హెచ్‌ఐవీ వచ్చింది. రక్త భద్రత కోసం పోరాడుతూ 1993 డిసెంబరులో పోయాడు.

ఇక మన దగ్గర ఏమైంది? ఆ రోజుల్లో మన దేశంలో చాలామందికి ఫ్యాక్టర్ సీసా కంటితో చూసే స్తోమత కూడా లేదు. ఐసు ముక్కలు కట్టుకుని, మంచం దిగకుండా పడుకుని, తప్పనప్పుడు ప్లాస్మానో క్రయోనో ఎక్కించుకుని గడిపారు. వేలమంది కలిసిన ఆ సీసా ముప్పు వాళ్లకు ఆ లెక్కన తప్పింది. కీళ్లు మాత్రం పోయాయి. ఇది చెప్పుకుని సంతోషించేది ఏమీ కాదు. మన బ్లడ్ బ్యాంకుల రక్తమైనా అప్పట్లో నమ్మకంగా ఉండేది కాదు. ఆస్పత్రి గేటు దగ్గర టీ కొట్టు పక్కన రక్తం అమ్ముకునేవాళ్లు తిరుగుతూండేవారని మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 1998 జనవరి 1 నుంచి అమ్మకపు దాతలు నిషేధం. రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. ఆ వైరస్ ఆచూకీ 1989లోనే దొరికింది. ఈ రెంటి మధ్య పన్నెండేళ్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఆ దగ్గరికే వస్తాను.

మన వాటా కూడా ఉందన్నాను కదా. బ్లంబర్గ్ గీత నుంచి హెపటైటిస్ బి టీకా పుట్టింది. బయటి దేశాల నుంచి వచ్చే ఆ టీకా అప్పట్లో మన మధ్యతరగతికి కూడా అందనంత ఖరీదు. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్ రెడ్డి, చదివింది ఎలక్ట్రానిక్స్, హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి 1997లో ఆ టీకాను దేశంలోనే తయారుచేసి ధర నేలకు దించారు. పరాయి రక్తం మీద బతకాల్సిన పిల్లలకు మొట్టమొదట వేయించాల్సిన టీకా ఏదంటే అదే. ఇప్పుడు ప్రభుత్వ టీకాల పట్టికలో పసిపిల్లలందరికీ ఉంది. పెద్దవాళ్లయిన హిమోఫిలియా రోగుల్లో మాత్రం వేయించుకోనివాళ్లు ఇంకా ఉన్నారు.

సీసా కూడా మారింది. 1984లో ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువు దొరికింది. 1992 నుంచి ఫ్యాక్టర్‌ను దాతల ప్లాస్మా నుంచి తీయకుండా, ప్రయోగశాలలో పెంచిన కణాలతో కూడా తయారుచేస్తున్నారు. రక్తం నుంచి చేసేదాన్ని కూడా ఇప్పుడు వేడి చేసి, ద్రావణంతో కడిగి, అతి సన్నని జల్లెడలో వడపోసి ఇస్తారు. కొవ్వు పొర లేని హెపటైటిస్ ఎ, పార్వో వైరస్‌లు ద్రావణానికి లొంగవు కాబట్టి వడపోత కూడా అవసరమైంది. 2017 నుంచి ఎమిసిజుమాబ్ అనే మందు వచ్చింది. ఎనిమిదో ఫ్యాక్టర్ చేసే పనిని ఇది చేస్తుంది. నరం వెతకక్కర్లేదు, చర్మం కింద వారానికో, రెండు వారాలకో, నెలకో ఒక సూది.

వెల్లూరు సీఎంసీ ఆస్పత్రిలో ఇంకో పని జరిగింది. డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ బృందం ఐదుగురు హిమోఫిలియా ఎ రోగుల మూలకణాలను బయటికి తీసి, వాటిలో ఎనిమిదో ఫ్యాక్టర్ జన్యువును చేర్చి తిరిగి ఒంట్లోకి ఎక్కించింది. ఆ తర్వాత ఆ ఐదుగురికీ ఒక్కసారి కూడా రక్తస్రావం కాలేదని 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చింది. జన్యువును కణంలోకి మోసుకుపోవడానికి బండి కావాలి కదా. వాళ్లు వాడింది లెంటివైరస్ బండి. హెచ్‌ఐవీ ఆ జాతి వైరస్సే. జబ్బు చేసే భాగాలన్నీ పీకేసి, కణంలోకి దూరే నేర్పును మాత్రం ఉంచుకున్నారు. పడమటి దేశాల జన్యుచికిత్సలో ఇంకో వైరస్‌ను వాడతారు, మనిషికి ఏ జబ్బూ చేయనిది. చిక్కేమిటంటే అది ఎప్పుడో సోకిపోయి ఉంటే ఒంట్లో యాంటీబాడీలు ఉంటాయి, వాళ్లలో చాలామందికి ఆ చికిత్స పనికిరాదు. వెల్లూరు పద్ధతికి ఆ అడ్డు లేదు. అయితే కొత్త మూలకణాలకు చోటు చేయడానికి ముందుగా కీమోథెరపీ ఇవ్వాలి, ఇంకా ఎక్కువమందిలో ఎక్కువ కాలం చూడాలి. రేపే మన జిల్లా ఆస్పత్రికి వస్తుందని నేను ఆశపెట్టను.

అంతదాకా చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫ్యాక్టర్ దొరికే చోట క్రయో, ప్లాస్మా జోలికి పోవద్దు. క్రయోను పైన చెప్పినట్టు వేడితో, ద్రావణంతో శుభ్రం చేసి ఇవ్వడం మన బ్లడ్ బ్యాంకుల్లో జరిగే పని కాదు. దాత పరీక్ష మీదే భరోసా. ఆ పరీక్షకూ ఒక కంత ఉంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో ఎలీసా పరీక్షకు అది దొరకదు. హెచ్‌ఐవీకి రెండు మూడు వారాలు, హెపటైటిస్ సి కి రెండు నెలలదాకా పట్టవచ్చు. న్యాట్ పరీక్ష ఆ కాలాన్ని రోజుల్లోకి తగ్గిస్తుంది. అన్ని బ్లడ్ బ్యాంకుల్లో అది లేదు. రక్తం తప్పనిసరైతే న్యాట్ చేసిందా అని అడగండి. అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

వానాకాలంలో డెంగీ వస్తుంది. దానికదే ప్లేట్‌లెట్లను తగ్గించి రక్తస్రావం తెచ్చే జ్వరం, అది ఫ్యాక్టర్ లేని పిల్లవాడికి వస్తే రెండూ కలుస్తాయి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. యాస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోకూడదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒళ్లునొప్పులనగానే పిరుదుకు సూది వేసే అలవాటు ఉంది. ఈ పిల్లలకు ఆ సూది వల్ల కండ లోపల రక్తం పేరుకుని నరాలు నొక్కుకుపోయిన సందర్భాలున్నాయి. పిల్లవాడి మెడలోనో జేబులోనో జబ్బు పేరు, ఫ్యాక్టర్ నంబరు రాసిన చీటీ ఉంచండి. టీకాలు మానకూడదు. సన్నటి సూదితో వేయించి, ఆ చోటును రుద్దకుండా పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. తీవ్రమైన జబ్బు ఉంటే టీకాకు ముందే ఫ్యాక్టర్ అవసరమా అని మీ డాక్టరును అడగాలి.

ఇప్పుడు ఆ పన్నెండేళ్ల మాట. 2001కి ముందు ప్లాస్మా, క్రయో, రక్తం ఏది ఎక్కించుకున్నవాళ్లయినా, హిమోఫిలియా ఉన్నా లేకపోయినా, ఒకసారి హెపటైటిస్ సి పరీక్ష చేయించుకోండి. ఈ వైరస్ ఇరవై ముప్పై ఏళ్లు కిమ్మనకుండా ఉంటుంది, కాలేయం గట్టిపడ్డాక బయటపడుతుంది. ఒకప్పుడు దీనికి ఏడాదిపాటు ఇంటర్‌ఫెరాన్ సూదులు వేసేవాళ్లు, ఒళ్లు హూనమైపోయేది, అయినా సగం మందికి తగ్గేది కాదు. ఇప్పుడు సోఫోస్బువిర్, దానితో కలిపి ఇంకో మాత్ర, పన్నెండు వారాలు వేసుకుంటే నూటికి తొంభై అయిదు మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. అమెరికాలో మొదట వచ్చినప్పుడు ఆ పన్నెండు వారాల సోఫోస్బువిర్ ధర 84 వేల డాలర్లు. హైదరాబాద్‌లోని నాట్కో, హెటిరో కంపెనీలు అదే మందును ఇక్కడ తయారుచేస్తున్నాయి. 2018 జూలైలో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్ష కూడా, మాత్రలు కూడా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. మీ జిల్లాలో ఎక్కడ ఇస్తారో పెద్దాసుపత్రిలో అడిగితే చెప్తారు. పాత డిశ్చార్జి కాగితాలు ఉంటే పట్టుకెళ్లండి, ఏ సంవత్సరంలో రక్తం ఎక్కించారో అందులో ఉంటుంది.